నేనుండగానే నా పటం

ఫోన్ మోగినప్పుడు మా ఆయన స్నానం చేస్తున్నాడు. మామూలుగా ఆయన ఫోన్ నేను ఎత్తను. ఆ రోజు అది ఆగి ఆగి మూడుసార్లు మోగింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి ఎత్తాను.

"నమస్తే సార్. అమ్మ పటం ముచ్చట," అన్నాడు అవతలి మనిషి, నేను హలో అనేలోపే. "సైజు మూడడుగులు అన్నరు గదా, గంతనే పెట్టిన. బొట్టు ఎట్ల పెట్టాలె సార్? ఉత్త కుంకుమనేనా, గంధం గూడ పెట్టాల్నా? దండ నన్నే గీయమంటరా, మీరు తర్వాత వేస్కుంటరా?"

మా అత్తగారు పోయి పదకొండేళ్లయింది. ఆమె పటం ముందుగదిలో ఉండనే ఉంది. మా అమ్మ పటం తమ్ముడింట్లో ఉంది.

"ఏ అమ్మ పటం?" అని అడిగాను.

"మీరెవరు మాట్లాడేది?"

"నేను ఆయన భార్యను."

"అయ్యో... సార్‌తోని తర్వాత మాట్లాడ్తనమ్మా," అని పెట్టేశాడు.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, "ఎవరు ఫోన్ల?" అన్నాడు. రాంగ్ నంబర్ అని చెప్పాను. ఎందుకు అబద్ధం చెప్పానో నాకే తెలియదు. బహుశా ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలని. ముఖం ఏమీ మారలేదు. తల తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. నా అనుమానం అక్కడ మొదలైంది.

పటం అంటే మా ఇళ్లలో ఏమిటో తెలిస్తేగాని నా భయం అర్థం కాదు. మాది మొగుడంపల్లి దగ్గర ఊరు. నా చిన్నప్పుడు గోడ మీద ఉన్నవాళ్లంతా పోయినవాళ్లే. బతికుండగా గీయించుకున్న పటం నేను చూసింది ఒక్క దొర గడీలోనే. మా అమ్మ అక్కడ వడ్లు దంచడానికి పోయేది. లోపలి సావడిలో నిలువెత్తు రంగుల పటం, షేర్వానీ, చేతిలో కర్ర. దాన్ని గీయడానికి బీదర్ నుంచి ఒక మనిషి వచ్చి మూడు నెలలు గడీలోనే ఉన్నాడట. రోజూ పొద్దున దొర కుర్చీలో కదలకుండా కూర్చునేవాడట. పటం అయ్యాక, దొర ఊళ్లో లేని రోజుల్లో కూడా దాని ముందు నుంచి పోయేవాళ్లు తల వంచుకునే పోవాలి. మేం పోయేనాటికి దొర లేడు, గడీలో సగం గదులు మూసేశారు. అయినా అమ్మ అలవాటు కొద్దీ తల వంచేది. నేను ఎటు తిరిగినా దాని కళ్లు నన్నే చూస్తున్నట్టుండేవి.

మా బోటివాళ్ల ఇళ్లకు పటాలవాళ్లే సంచి భుజాన వేసుకుని వచ్చేవారు. చిన్న ఫోటో తీసుకుపోయి పెద్దది చేసి, రంగులద్ది తెస్తామని తిరిగేవాళ్లు ఉండేవారు. అలా ఒకాయన వచ్చి, అప్పటికే పోయిన మా తాత ఫోటో తీసుకుపోయాడు. ఇంట్లో ఉన్నది అదొక్కటే. సంతలో తీయించుకున్నది, ముడతలు పడిపోయింది. ఎండాకాలంలో తీసుకుపోయిన మనిషి వానలు పడినా రాలేదు. నాయనమ్మ రోజూ బాట మీదికి చూసి తిట్టేది. దసరా ముందు వచ్చాడు. అద్దాల చట్రంలో మా తాత కోటు వేసుకుని, టై కట్టుకుని, ఎర్రటి పెదాలతో ఉన్నాడు. జన్మలో కోటు ఎరగని మనిషి.

"ఈయన నా మొగడు కాదు," అంది నాయనమ్మ.

"కోటు ఫిరీగ వేసినమమ్మా," అన్నాడు ఆయన.

చిన్న ఫోటో తిరిగి ఇమ్మంటే, పనిలో చినిగిపోయిందన్నాడు. నాయనమ్మ నెల రోజులు ఆ పటాన్ని గోడకేసి తిప్పి పెట్టింది. తర్వాత ఒక పండగనాడు చూస్తే దాని ముందు దీపం ఉంది. అప్పటికి తాత అసలు ముఖం ఎలా ఉండేదో మాలో ఎవరికీ గట్టిగా చెప్పడం రాలేదు. పటాలవాళ్ల మీద నాకు నమ్మకం లేకపోవడానికి అదొక కారణం.

ఆ ఫోన్‌లో అమ్మ అంటే ఇక నేనే. ఇప్పుడు నా పటమే తయారవుతోంది. దండ గీయాలా వద్దా అని అడుగుతున్నారు.

వెనక్కి పోయి అన్నీ కలుపుకోవడం మొదలుపెట్టాను. పది రోజుల కింద బీదర్ నుంచి మా అమ్మాయి వచ్చింది. వచ్చిన రోజే నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి ఫోన్‌తో ఫోటోలు తీసింది. ముదురాకుపచ్చ చీర కట్టుకోమంది, కళ్లద్దాలు తీయమంది. ఎందుకే అంటే, "నాయినకు కావాల్నట" అని నవ్వింది. ముప్పై ఐదేళ్ల కాపురంలో నా ఫోటో ఒక్కటి తీయని మనిషికి ఇప్పుడెందుకు కావాలి?

అంతకు రెండు నెలల ముందు నాకు కడుపునొప్పి వస్తే ప్రైవేటు దవాఖానలో స్కానింగ్ చేయించారు. డాక్టరు నాతో మాట్లాడాక, ఈయన నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి తానొక్కడే మళ్లీ లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం లేదు, గ్యాస్ అన్నడు. ఫికర్ చేయకు," అన్నాడు. గ్యాస్‌కు కళ్లు తుడుచుకుంటారా?

అప్పటినుంచే మనిషి మారాడు. నాకు గుర్తున్నంతవరకు కోపధారి. అలాంటిది ఇప్పుడు మెత్తగా మాట్లాడుతున్నాడు. నేను కూర్చుని ఉంటే దగ్గరికి కుర్చీ జరుపుకుని నా ముఖంలోకి చూస్తూ ఉండిపోతున్నాడు. "ఏందయ్యా?" అంటే "ఏం లేదు, ఊకెనే" అంటాడు. పొద్దున్నే పేపరు గట్టిగా చదివి నాకు వినిపించే మనిషి, పేపరు మానేశాడు. "ఏముంటయి, అన్ని లొల్లులే," అన్నాడు. మోకాళ్లు నొప్పులని స్కూటర్ తమ్ముడి కొడుకుకు ఇచ్చేశాడు. ఎక్కువగా ఇంట్లోనే ఉంటున్నాడు. పోయే మనిషి దగ్గర ఉందామనుకున్నవాడు చేసే పనులే ఇవన్నీ అనిపించింది నాకు.

నేను కోహీర్ మండలంలో ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి దిగిపోయాను. జబ్బు చేసిన పిల్లల తల్లులకు నిజం చెప్పకుండా ఎలా దాటేస్తారో, ఆ దాటేసే మాటలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అవే మాటలు మా ఇంట్లో వినబడుతున్నాయి.

ఒకరోజు కూరగాయలకని చెప్పి స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయిని నా రిపోర్టు ఇంకో కాపీ ఇమ్మన్నాను. అది పట్టుకుని, మా ఇంటివాళ్లెవరూ ఎరగని వేరే డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "చిన్న రాయి ఉందమ్మా పిత్తాశయంల. నొప్పి గ్యాస్ లెక్కనే ఉంటది. నూనె తగ్గించున్రి," అన్నాడు.

"ఇంకేం లేదా సార్?"

"ఇంకేం కావాలె నీకు?"

బయటికొచ్చాక తేలిక పడాల్సింది. పడలేదు. కౌంటర్‌లో అమ్మాయి కాగితం ఇచ్చేముందు లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చింది. ఏం అడిగింది? మా ఆయన ముందే వచ్చి చెప్పి పెట్టాడేమో, ఈ కాగితం నా కోసం వేరేగా చేసిందేమో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రోజు నడిరోడ్డు మీద ఎండలో నిలబడి ఆ కాగితం మీద నా పేరు, వయసు నాలుగుసార్లు చదువుకున్నాను. ఇంటికి పోయి, ఎవరూ చూడకుండా బీరువా సర్దాను. అమ్మాయికి ఏ చీరలివ్వాలో విడిగా పెట్టాను.

ఇక ఆ పటం గీసే మనిషినే అడగాలనుకున్నాను. మా ఆయన ఫోన్‌లోంచి నంబరు రాసుకుని, నేనే ఆర్డర్ ఇచ్చేదాన్నన్నట్టు మాట్లాడి, దుకాణం ఎక్కడో కనుక్కున్నాను. బస్టాండు వెనక గల్లీలో, టైర్ల దుకాణం పక్కన చిన్న షట్టర్. లోపల రంగుల వాసన, కిరసనాయిలు వాసన. అరవై దాటిన మనిషి, బనియను మీద రంగు మరకలు.

నేనెవరో చెప్పలేదు. కళ్లద్దాలు, తల మీద కొంగు ఉండేసరికి ఆయన పోల్చుకోలేదు. మా అమ్మ పటం చేయించాలి, ఎలా చేస్తారో చూద్దామని వచ్చానన్నాను.

ఆయన మాటకారి. కుర్చీ మీద గుడ్డ పరిచి కూర్చోమన్నాడు. కుర్రతనంలో సినిమా టాకీసుకు గుడ్డ మీద హీరోల ముఖాలు గీసేవాడట. "ఒక్క కన్నే మనిషంత ఉండేదమ్మా. నిచ్చెన మీద నిలబడి గీస్తుంటే ఏది ముక్కో ఏది చెంపో తెలవకపోయేది. కిందికి దిగి రోడ్డు అవతలికి పోయి చూస్కునేది." తర్వాత ఎలక్షన్లలో నాయకుల కటౌట్లు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మొత్తం పోయింది. కొన్నేళ్లు ట్రాలీల మీద, లారీల మీద పేర్లు రాశాడు. ఇప్పుడు మళ్లీ పటాలు. ఫోన్‌లో ఫోటో పంపుతారు, చిరునామా పంపుతారు, పటం పార్సిల్‌లో పోతుంది. కొన్నవాళ్లలో చాలామంది ముఖం ఈయన చూడడు.

"చేతితోని గీసిందా ప్రింటా అని ఎట్ల తెలుస్తది?" అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

ఒక పటం తీసి వెలుతురుకు పక్కగా పట్టుకున్నాడు. "ఇది పట్నం నుంచి ఒకాయన బాగుచేయమని పంపిండు. చేతిపని అని అమ్మిన్రట. చూడున్రి, ఫోటోను గుడ్డ మీద ప్రింట్ కొట్టిన్రు. పైన నీళ్లలెక్క ఉండే జిగురు కుంచెతోని పూసిన్రు. గీతలు జిగురుల ఉన్నయి, రంగుల లేవు. కింద కన్ను ఒక దిక్కు ఉంటే పైన గీత ఇంకో దిక్కు పోతున్నది." నిజమే. కుంచె గీత కనురెప్పను దాటి నుదుటి మీదికి పోయింది.

"మరి మీ దగ్గరికి వచ్చేటివన్నీ పోయినోళ్లవేనా?"

"జియాదా అవే, నూటికి తొంభై. కొందరు దవాఖానల ఉన్నప్పుడే ఫోటో పంపుతరు. దినాల వరకు అందాలెగద. నేను అడగ, వాళ్లు చెప్పరు."

అప్పుడే గోడకు ఆనించి, పాత చీర కప్పి ఉన్న పెద్ద చట్రం కనబడింది. అడక్కుండానే లేచి చీర తీశాను.

నేను. ముఖమే రెండడుగులుంది. ముక్కు పక్కన నల్లటి గీత, కళ్ల చుట్టూ నల్లటి గీతలు, పెదాల అంచు బొగ్గుతో దిద్దినట్టుంది. చెవులు, కమ్మలు, మెడ కింది ముడతలు అన్నీ ఉన్నాయి. అచ్చం నేనే గాని, చలికి బిగుసుకుపోయిన నేను.

పెయింటర్ నన్నూ పటాన్నీ చూసి కుంచె కింద పెట్టాడు. "అయ్యో, ఆ దినం ఫోన్ల మీరేనా? మాఫ్ చేయాలె అమ్మా. మూడడుగుల పటం అంటే పోయిన్రేమో అనుకున్న. సారు ఒక్కమాట చెప్పలే."

"మా ఆయన ఏం చెప్పిండు? నాకేం రోగమని చెప్పిండు?"

"రోగమా? సారు మీ ముచ్చట ఏం చెప్పలే. ఆయనకు నా పనే నచ్చుతలేదు." ఇప్పుడు ఆయన గొంతులో కూడా అనుమానం ఉంది. "మూడుసార్లు వచ్చిన్రు. ముక్కు పటానికి ఆనేటట్టు నిలబడి చూస్తరు. గీత మందం చెయ్యి అంటరు. చేస్తే ఇంక మందం చెయ్యి అంటరు. గింత నలుపు పెడితే మొఖం పాడైతదని చెప్పిన, వినలే. చీర ఆకుపచ్చ వేసిన, ఫోటోల ఉన్నట్టే. నల్లచీర ఎందుకు వేసినవని లొల్లి పెట్టిన్రు. పైసలు తక్కువ ఇయ్యడానికి వంక పెడ్తున్నరేమో అనుకున్న."

నేను మళ్లీ కుర్చీలో కూర్చున్నాను.

మా ఆయన ముప్పై ఏళ్లు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగంలో పనిచేశాడు. పక్కపక్కన ఉన్న రెండు ఎర్ర రేకులు చూసి, ఒకదానిలో వెంట్రుకవాసి ముదురు ఉందని చెప్పే మనిషి. పెళ్లి చీరలు కొనేటప్పుడు చుట్టాలు ఆయన్ను వెంట తీసుకుపోయేవారు, దీపాల కింద మోసపోకుండా. ఆ మనిషి ఆకుపచ్చను నలుపన్నాడు.

పేపరు, స్కూటర్, నా ముఖంలోకి అంత దగ్గరగా చూడటం, చేతిరుమాలు. అవే గుర్తులు అన్నీ ఇంకో వైపు తిరిగి నిలబడ్డాయి.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆయన మంచం మీద కూర్చుని రేడియో వింటున్నాడు. రేడియో ఆపి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"నేను కట్టుకున్న చీర ఏం రంగు?"

"ఎందుకు?"

"చెప్పు."

చెయ్యి చాపి నా కొంగు అంచు రెండు వేళ్ల మధ్య నలిపాడు. "ఇది బిడ్డ పెట్టింది. మెరూన్."

మెరూనే. "వేళ్లతోని కాదు, కండ్లతోని చెప్పు," అన్నాను.

కొంగు వదిలేశాడు. తర్వాత, "ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాడు.

ఎడమ కన్ను ఆర్నెల్ల కిందే మసకబారిందట. కుడి కంటికి నడిమధ్యలో మరక పడ్డట్టుందట. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. అది కంటి వెనక పొరకు పట్టిందని కంటి శిబిరంలో చెప్పారట. నా స్కానింగ్ రోజున డాక్టరును అడిగింది తన కళ్ల గురించే. పట్నం పోయి సూదులు వేయించుకోవాలని ఆయన చీటీ రాసిచ్చాడట. ఆ చీటీ ఈయన చొక్కా జేబులోనే ఉండి రెండుసార్లు ఉతుకులో నానిపోయిందట.

"పటం ఎందుకు మరి?"

"నువ్వు ఎదురుంగ నిలబడితే ముక్కు మొఖం కలిసిపోతున్నయి. ఫోన్ల ఫోటో అసలే కనబడ్తలేదు. పెద్దగ, గీతలు మందం పెట్టి గీయిస్తే జర ఆనవాలు పడ్తవేమో అనుకున్న. అంతకన్న ఏం లేదు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏమైతది? నన్ను ఇంట్ల కూసోపెడ్తవ్. బిడ్డకు ఫోన్ చేసి ఏడుస్తవ్."

జాలి పడతాననుకున్నాను. కోపమే వచ్చింది. "నేను చచ్చిపోతున్ననని నెల దినాల సంది అనుకుంటున్న! పటం గీయిస్తున్నరంటే ఏమనుకోవాలె? చీరలు గూడ పంచి పెట్టుకున్న!"

ఆయన నిజంగా బిత్తరపోయాడు. "నువ్వెందుకు చస్తవే?" అన్నాడు. అంతటి భయం నేను ఆయన గొంతులో ఎప్పుడూ వినలేదు. అప్పుడు ఏడ్చాను.

మరుసటి వారం అమ్మాయినీ తీసుకుని హైదరాబాద్‌లో కంటి దవాఖానకు పోయాం. నాన్న ముచ్చటపడి పెళ్లిరోజుకు చేయిస్తున్నాడనే అమ్మాయి అనుకుందట. నా గొడవంతా విని బస్సులో నవ్వింది, తర్వాత కిటికీ వైపు తిరిగింది. ఆలస్యం చేశారని డాక్టరు కోప్పడ్డారు. లేజర్ పెట్టారు, నెలకొక సూది వేశారు. ఎడమ కన్ను తిరిగి రాలేదు. కుడి కన్ను ఉన్నచోట ఆగింది. అదే పెద్ద మాట అన్నారు.

పటం పూర్తయి ఇంటికి వచ్చింది. దండ లేదు, గంధం లేదు. నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కిటికీ వెలుతురు పడే గోడకు పెట్టాం. దానితో కొత్త తంటా వచ్చింది. సదాశివపేట నుంచి దూరపు చుట్టమొకామె వచ్చి, గుమ్మంలోనే దాన్ని చూసి చెప్పులు విడిచి, మా ఆయన చెయ్యి పట్టుకుని, "ఎప్పుడైంది తమ్మీ, మాకు కబురు లేకపాయె," అంది. నేను వంటింట్లోంచి చాయ్ పట్టుకుని వచ్చాను. ఆమె చేతిలో కప్పు నిలవలేదు.

నా అనుమానం మాత్రం పోలేదు, దిక్కు మార్చుకుంది. ఇప్పుడు ఆయన మీద నిఘా పెడుతున్నాను. కనబడుతోందా అంటే ఎప్పుడూ "కనబడ్తుంది" అనే అంటాడు. అందుకని నేనే పరీక్షలు పెడతాను. గ్లాసు రోజూ పెట్టే చోట కాకుండా జానెడు పక్కకు పెడతాను. గోడ మీద కాలెండరు నెల మార్చకుండా ఉంచుతాను. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసి నన్ను మోసం చేస్తాడు. నేను చూస్తుండగా గ్లాసు కోసం చేతితో వెతకడు, నేను పక్కకు తిరిగేదాకా ఆగుతాడు.

పొద్దున ఎండ గోడ మీదికి వచ్చాక కుర్చీ జరుపుకుని పటం ముందు కూర్చుంటాడు. మొన్నొకరోజు కూర్చున్నవాడు ఉన్నట్టుండి, "వాడు నీ కుడి చెవి సక్కగ గీయలే. నీది జర కిందికి ఉంటది," అన్నాడు.

నేను బియ్యం ఏరుతున్నదాన్ని లేచి పోయి పటం చూశాను. తర్వాత అద్దంలో చూసుకున్నాను. కుడి చెవి కొంచెం కిందికే ఉంది. పటంలో రెండూ సమంగా ఉన్నాయి. అరవై ఏళ్లలో నేను గమనించని సంగతి.

"ఇప్పుడు కనబడిందా, లేకుంటే మునుపటి సంది తెలుసా?" అని అడిగాను.

"కనబడ్తుంది," అన్నాడు, పటం వైపే చూస్తూ.